అలర్జీ పరీక్షకు చేయి చాపేముందు బీమాను ఇలా సరిచూసుకోండి

అలర్జీ వైద్యంలో ఖర్చు ఒక్కసారిగా వచ్చి పడదు. డాక్టర్ ఫీజు ఒకచోట, చర్మ పరీక్ష ఒకచోట, రక్త పరీక్ష ల్యాబ్‌లో, మందులు మెడికల్ షాపులో, ఇంజెక్షన్లయితే ఏళ్ల తరబడి. విడివిడిగా చూస్తే ప్రతిదీ భరించగలిగేదే అనిపిస్తుంది. బీమా కంపెనీ కూడా వీటిని విడివిడిగానే చూస్తుంది. ఒక్కో ఖర్చును ఒక్కో పద్దులో వేసి, ఒక్కోదానికి ఒక్కో నియమం పెడుతుంది. అందుకే "నా పాలసీలో అలర్జీ కవర్ అవుతుందా?" అని అడిగితే "అవుతుంది" అనే జవాబు రావచ్చు, ఆ జవాబు నిజమే కావచ్చు, అయినా బిల్లులో సగం మీరే కట్టాల్సి రావచ్చు.

ఏ పరీక్ష చేస్తున్నారు, ఎన్ని పదార్థాలకు చేస్తున్నారు, ఏ కారణంతో చేస్తున్నారు: ఈ మూడూ చెప్పి అడిగితేనే కంపెనీ నుంచి పనికొచ్చే జవాబు వస్తుంది. పేరు, సంఖ్య, కారణం. పరీక్ష నుంచి అప్పీల్ దాకా ప్రతి మెట్టు దగ్గరా ఈ మూడింటితోనే పని పడుతుంది. ఒక్క మినహాయింపు ఉంది. గొంతు బిగుసుకుపోతున్నా, ఊపిరి ఆడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లతో పాటు కళ్లు తిరుగుతున్నా బీమా సంగతి పక్కనపెట్టి దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లండి. కాగితాలు తర్వాత చూసుకోవచ్చు.

1. మీది ఏ రకం పాలసీయో తేల్చుకోండి

ఆసుపత్రిలో చేరితేనే డబ్బిచ్చే పాలసీలు కొన్ని. చేరకుండా ఓపీడీలో చూపించుకున్నా ఇచ్చేవి కొన్ని. అలర్జీ విషయంలో అన్నిటికంటే పెద్ద తేడా ఇదే. ఎందుకంటే అలర్జీ పరీక్షలూ చికిత్సా దాదాపు పూర్తిగా ఓపీడీలోనే జరిగిపోతాయి. మొదటి రకం పాలసీల్లో చాలావాటికి 24 గంటలు ఆసుపత్రిలో ఉండాలనే షరతు ఉంటుంది. తీవ్రమైన రియాక్షన్ వచ్చి ఎమర్జెన్సీలో ఆరు గంటలు అబ్జర్వేషన్‌లో ఉంచి పంపించేస్తే, ఆ బిల్లు క్లెయిమ్ కాకపోయే అవకాశం ఉంది. మీ పాలసీలో "ఎమర్జెన్సీ", "డే కేర్", "అబ్జర్వేషన్" అనే మాటలు ఎక్కడున్నాయో వెతికి, వాటికి ఇచ్చిన నిర్వచనం చదవండి.

మీది ఈ మొదటి రకమైతే, ఓపీడీ రైడర్ (అసలు పాలసీకి అదనంగా తీసుకునే కవర్) ఏదైనా జత చేసుకునే వీలుందో అడగండి. ఉంటే ఏడాదికి ఎంత పరిమితి, అందులో పరీక్షలూ మందులూ కలిసి ఉన్నాయా, ఎన్ని నెలలు ఆగాలి అన్నవి చూడండి. రైడర్ ప్రీమియం, దాని పరిమితి దగ్గరదగ్గరగా ఉంటే అది తీసుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఆ డబ్బు విడిగా పక్కన పెట్టుకుంటే అదే పని జరుగుతుంది, షరతులూ ఉండవు.

రెండో రకమైతే పాలసీలో నాలుగు మాటలు అర్థం చేసుకోవాలి. డిడక్టిబుల్ అంటే కంపెనీ చెల్లించడం మొదలుపెట్టేముందు ఆ ఏడాదిలో మీరు సొంతంగా పెట్టుకోవాల్సిన మొత్తం. కో-పే అంటే వెళ్లిన ప్రతిసారీ కట్టే స్థిరమైన మొత్తం. కో-ఇన్సూరెన్స్ అంటే బిల్లులో మీ వాటా, ఉదాహరణకు 20 శాతం. చివరిది, ఏడాదిలో మీ జేబులోంచి పోయేదానికి గరిష్ఠ పరిమితి. కొన్ని పాలసీల్లో డాక్టర్‌ను చూడటానికి కో-పే మాత్రమే ఉంటుంది, అదే గదిలో అదే రోజు చేసిన చర్మ పరీక్షకు మాత్రం డిడక్టిబుల్ వర్తిస్తుంది. కో-పే కట్టి బయటికొచ్చి, నెల తర్వాత పెద్ద బిల్లు చూసి కంగారుపడేది ఇలాంటి చోటే.

కొత్త పాలసీ తీసుకోబోతుంటే ఆస్తమా, అలర్జీ ఉన్న సంగతి ఫారంలో దాచకండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ ఉంటే ఆగాల్సి వస్తుంది, అంతే. దాచితే మాత్రం రేపు పెద్ద క్లెయిమ్ వచ్చినప్పుడు పాలసీనే రద్దు చేసే హక్కు కంపెనీకి దొరుకుతుంది.

2. డాక్టర్ దగ్గరికి లక్షణాల చిట్టాతో వెళ్లండి

రెండు మూడు వారాల పాటు రాసుకోండి: ఏ లక్షణం, ఎప్పుడు, ఎక్కడున్నప్పుడు, ఏం తిన్న ఎంతసేపటికి, ఏ మందు వేసుకుంటే ఎంత తగ్గింది. ఇంటి బయట తుమ్ములు ఎక్కువవుతున్నాయా, పక్క దులిపినప్పుడా, పిల్లి దగ్గరికొచ్చినప్పుడా. ఒంటి మీద వచ్చినవి గంటల్లో మాయమయ్యే దద్దుర్లా, రోజుల తరబడి ఉండే దురద మచ్చలా. ఫోటోలు తీసి ఉంచండి. అపాయింట్‌మెంట్ నాటికి దద్దుర్లు మాయమైపోవడం మామూలే.

ఖర్చు తగ్గించడంలో ఈ చిట్టాకున్నంత బలం ఇంకదేనికీ లేదు. చరిత్ర స్పష్టంగా ఉంటే డాక్టర్ అనుమానమున్న కొద్ది పదార్థాలకే పరీక్ష రాస్తారు. లేకపోతే పెద్ద ప్యానెల్, అంటే ఒకేసారి ఎన్నో పదార్థాలకు చేసే పరీక్ష, రాయాల్సి వస్తుంది. పెద్ద ప్యానెల్‌తో డబ్బు ఒక్కటే నష్టం కాదు. పరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ ఉన్నట్టు కాదు. ఆ పదార్థానికి ఒంట్లో ఐజీఈ యాంటీబాడీలు (అలర్జీతో సంబంధమున్న ప్రతిరక్షకాలు) ఉన్నాయని మాత్రమే దాని అర్థం. తిన్నా ఏమీ కాని పదార్థానికి కూడా పాజిటివ్ రావచ్చు. అనుమానం లేకుండా పదుల కొద్దీ ఆహారాలకు పరీక్ష చేయించి, ఆ కాగితం చూసి పిల్లల కంచంలోంచి ఒక్కొక్కటీ తీసేసే తల్లిదండ్రులను తలుచుకుంటే బాధేస్తుంది. పిల్లలకు అందాల్సిన పోషకాలు అందవు, ఇంటిల్లిపాదికీ టెన్షన్.

ఇక కారణం. మీ లక్షణాలను డాక్టర్ ఫైల్లో ఎలా రాస్తారో దాన్నిబట్టే కంపెనీ నిర్ణయిస్తుంది. జబ్బులకు కోడ్‌లిస్తూ ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఐసీడీ-10 పట్టికలో అలర్జీ వల్ల వచ్చే ముక్కు సమస్యలు జే30 కింద, ఆస్తమా జే45 కింద, దద్దుర్లు ఎల్50 కింద, చర్మానికి ఏదైనా తగిలి వచ్చే అలర్జీ ఎల్23 కింద ఉంటాయి. టీ78.4 అంటే "ఏ అలర్జీయో తేలనిది". ఈ చివరి కోడ్ ఒక్కటే రాసి క్లెయిమ్ పంపితే కంపెనీ ప్రశ్నలు అడిగే అవకాశం ఎక్కువ. "డాక్టర్‌గారూ, నా లక్షణాలకు సరిపోయే కచ్చితమైన డయాగ్నసిస్ కోడ్ రాస్తారా? ఇంతవరకూ వాడిన మందులు, అవి పనిచేయని సంగతి కూడా నోట్స్‌లో రాయండి" అని అడగడంలో తప్పేమీ లేదు. ఉన్నది ఉన్నట్టు రాయమనే కదా అడుగుతున్నారు.

3. ఏ పరీక్ష, ఎందుకు

ప్రిక్ టెస్ట్‌లో ముంజేతి మీదో వీపు మీదో పదార్థాల చుక్కలు వేసి సన్నగా గుచ్చుతారు. 15 నుంచి 20 నిమిషాల్లో ఫలితం కనిపిస్తుంది. బిల్లు సాధారణంగా ఒక్కో గుచ్చుకు ఒకటి చొప్పున లెక్క. చాలా కంపెనీలు ఏడాదికి ఇన్నిటికే ఇస్తామని పరిమితి పెడతాయి. అందుకే సంఖ్య ముందుగా తెలియాలి.

రక్తంలో స్పెసిఫిక్ ఐజీఈ పరీక్ష కూడా పదార్థాల లెక్కనే. అలర్జీ మాత్రలు ఆపలేని వాళ్లకూ, ఒళ్లంతా ఎగ్జిమా ఉన్నవాళ్లకూ, గీస్తే చాలు చర్మం ఉబ్బిపోయే వాళ్లకూ ఇదే తగినది. కొన్ని కంపెనీలు చర్మ పరీక్ష చేయలేని పరిస్థితి ఉంటేనే రక్త పరీక్షకు చెల్లిస్తాయి, రెండూ ఒకేసారి చేస్తే ఒకదానికే ఇస్తాయి. కాబట్టి రక్త పరీక్ష ఎందుకు ఎంచుకున్నారో ఒక్క వాక్యం ప్రిస్క్రిప్షన్‌లో ఉండేలా చూసుకోండి. నమూనా ఏ ల్యాబ్‌కు వెళుతుందో కూడా అడగండి. క్లినిక్ కంపెనీ నెట్‌వర్క్‌లో (కంపెనీతో ఒప్పందమున్న జాబితాలో) ఉండి, ల్యాబ్ లేకపోతే ఆ బిల్లు విడిగా, ఎక్కువగా వస్తుంది.

ప్యాచ్ టెస్ట్ వేరే. లోహాలు, పరిమళాలు, రబ్బరు లాంటివి తగిలి వచ్చే చర్మ సమస్యకు ఇది. పట్టీలు 48 గంటలు ఉంచి తీస్తారు, ఒకటి రెండు రోజుల తర్వాత మళ్లీ చూస్తారు. అంటే వారంలో మూడుసార్లు క్లినిక్‌కు వెళ్లాలి. మూడుసార్లూ కన్సల్టేషన్ ఫీజు తీసుకుంటారా, ఒకటేనా అని అడగండి.

ఆహార అలర్జీని కచ్చితంగా తేల్చేది ఫుడ్ ఛాలెంజ్. అనుమానమున్న పదార్థాన్ని డాక్టర్ కళ్ల ముందు కొద్దికొద్దిగా పెంచుతూ తినిపించి గంటల తరబడి గమనిస్తారు. బిల్లు గంటల లెక్కన ఉంటుంది, ముందస్తు అనుమతి అడిగే కంపెనీలున్నాయి. ఖర్చు ఎక్కువే అయినా, ఏళ్లుగా మానేసిన ఆహారం మళ్లీ తినొచ్చని తేలితే దాని విలువ చాలా పెద్దది. పెన్సిలిన్ పరీక్ష కూడా ఇలాంటిదే. పెన్సిలిన్ పడదని ఫైల్లో రాసున్న 10 మందిలో దాదాపు 9 మందికి పరీక్షిస్తే ఆ అలర్జీ లేదని తేలుతుంది. ఆ మాట ఫైల్లోంచి తీసేయించుకుంటే జీవితాంతం ఖరీదైన ప్రత్యామ్నాయ యాంటీబయాటిక్స్ వాడే అవసరం తప్పుతుంది. మీ ఫైల్లో ఆ మాట ఉంటే డాక్టర్‌తో తప్పక మాట్లాడండి.

డబ్బు పెట్టకూడనివి కూడా చెప్పాలి. వందలాది ఆహారాలకు ఐజీజీ లేదా ఐజీజీ4 (ఐజీఈ కాని మరో రకం యాంటీబాడీలు) చూసి "మీకు ఇవి పడవు" అని చెప్పే ప్యానెల్స్, జుట్టు విశ్లేషణ, కండరాల బలం చూసి చెప్పే పరీక్షలు. ఐజీజీ4 పరీక్షను ఆహార అలర్జీ నిర్ధారణకు వాడొద్దని యూరప్ అలర్జీ నిపుణుల అకాడమీ 2008లోనే స్పష్టంగా చెప్పింది. ఒక ఆహారానికి ఐజీజీ ఉందంటే ఆ ఆహారం మీరు తింటున్నారనే అర్థం, పడదని కాదు. బీమా కంపెనీలు వీటికి సాధారణంగా డబ్బివ్వవు. ఈ ఒక్క విషయంలో నేను వాటి పక్షమే.

4. పరీక్షకు ముందు కంపెనీకి ఫోన్ చేయండి

క్లినిక్ నుంచి పరీక్ష పేరు, బిల్లింగ్ కోడ్, పదార్థాల సంఖ్య, డయాగ్నసిస్ కోడ్ తీసుకున్నాకే ఫోన్ చేయండి. మాట ఇలా మొదలుపెట్టొచ్చు:

"నాకు ఫలానా తేదీన ఫలానా క్లినిక్‌లో అలర్జీ ప్రిక్ టెస్ట్ చేస్తారండి. 30 పదార్థాలకు. డయాగ్నసిస్ కోడ్ జే30.4. ఈ కోడ్‌తో ఈ పరీక్షకు మీరు చెల్లిస్తారా? ఏడాదికి సంఖ్య పరిమితి ఉందా? డిడక్టిబుల్ వర్తిస్తుందా, అందులో నాది ఇంకా ఎంత మిగిలుంది? ముందస్తు అనుమతి కావాలా? ఫ్యామిలీ డాక్టర్ రిఫరల్ లెటర్ అవసరమా? ఆ డాక్టర్, ఆ ల్యాబ్ రెండూ నెట్‌వర్క్‌లో ఉన్నాయా?"

జవాబులతో పాటు తేదీ, మాట్లాడినవారి పేరు, కాల్ రిఫరెన్స్ నంబర్ రాసుకోండి. ఆ తర్వాత అవే ప్రశ్నలు ఈమెయిల్‌లో లేదా కంపెనీ యాప్‌లో పంపి, రాతపూర్వకంగా జవాబు అడగండి. ఫోన్‌లో చెప్పిన మాటకు కంపెనీ కట్టుబడకపోవచ్చు. కాగితం మీది మాట అప్పీల్‌లో పనికొస్తుంది. ముందస్తు అనుమతి వచ్చినా సరే, అది చెల్లింపుకు హామీ కాదనే వాక్యం ఆ లెటర్‌లోనే సాధారణంగా ఉంటుంది. ఎన్ని పరీక్షలకు, ఏ తేదీ వరకు అనుమతించారో చదివి పెట్టుకోండి.

బీమా వర్తించదని తేలితే క్లినిక్‌నే అడగండి: "సొంత డబ్బుతో కడితే ధర ఎంత? ముఖ్యమైన పదార్థాలతో ముందు మొదలుపెట్టి, అవసరమైతే మిగతావి తర్వాత చేయొచ్చా?" చాలాచోట్ల రెండో ప్రశ్నకు అవుననే అంటారు.

5. పరీక్ష వృథా కాకుండా చూసుకోండి

ప్రిక్ టెస్ట్‌కు ముందు సెట్రిజిన్, లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్ లాంటి మాత్రలు సాధారణంగా 3 నుంచి 7 రోజులు ఆపమంటారు. జలుబు సిరప్‌లలో, నిద్ర మాత్రల్లో కూడా ఇదే రకం మందు ఉండొచ్చు. తెలియక వేసుకుంటే పరీక్ష వాయిదా పడుతుంది, రెండోసారి వెళ్లిన ఖర్చు మీదే అవుతుంది. వాడుతున్న మందులన్నిటి జాబితా ముందే క్లినిక్‌కు పంపి, ఏది ఎప్పుడు ఆపాలో వాళ్లనే అడగండి. ఆస్తమా ఇన్‌హేలర్, బీపీ మందు లాంటివి డాక్టర్ చెప్పకుండా ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపొద్దు. రక్త పరీక్షకు అలర్జీ మాత్రలు ఆపనక్కర్లేదు.

6. ఇంజెక్షన్ల కోర్సుకు పూర్తి లెక్క వేసుకోండి

ఎక్కువమందికి మాత్రలు, ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే సరిపోతాయి. ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరికే వాటికి చాలా పాలసీలు డబ్బివ్వవు. జనరిక్ అడిగితే చాలు, ఖర్చు అదుపులో ఉంటుంది. వాటితో లొంగనప్పుడు, పుప్పొడి, డస్ట్ మైట్స్ (దుమ్ములో ఉండే సూక్ష్మమైన పురుగులు) లాంటివాటికి ఇమ్యునోథెరపీ ఉంది, అంటే అలర్జీ తెచ్చే పదార్థాన్నే కొద్దికొద్దిగా పెంచుతూ ఇచ్చి ఒంటికి అలవాటు చేయడం. 1911లో లండన్‌లో లెనార్డ్ నూన్ గడ్డి పుప్పొడితో మొదలుపెట్టిన పద్ధతి ఇది. అలర్జీ మూలాన్నే మార్చే చికిత్స ఇదొక్కటే కాబట్టి దీని మీద పెట్టే ఖర్చుకు అర్థముంది. అయితే సగంలో ఆపేస్తే పెట్టిందంతా వృథా కావచ్చు. అందుకే మొదటి ఇంజెక్షన్‌కు ముందే మొత్తం కోర్సుకు లెక్క వేయండి.

కోర్సు 3 నుంచి 5 ఏళ్లు. మొదట్లో వారానికి ఒకటో రెండో ఇంజెక్షన్లతో డోసు పెంచుతూ పోతారు, తర్వాత రెండు నుంచి నాలుగు వారాలకొకటి. ఒక ఉదాహరణ: ఆరు నెలలు వారానికొకటి అంటే 26 సార్లు. మిగతా రెండున్నరేళ్లు నెలకొకటి అంటే 30 సార్లు. మూడేళ్లకు 56 సార్లు క్లినిక్‌కు వెళ్లాలి. మీ కో-పేను 56తో హెచ్చించి చూడండి. చిన్నదనుకున్న మొత్తం ఎంతవుతుందో తెలుస్తుంది. ప్రతిసారీ ఇంజెక్షన్ తర్వాత 30 నిమిషాలు అక్కడే ఉండాలి కాబట్టి, పని నుంచి సెలవు, రాకపోకల ఖర్చు కూడా కలపండి. డిడక్టిబుల్ ఏటా మళ్లీ మొదటికొస్తుందన్నది మరవకండి.

ఇంజెక్షన్ వేయడానికి ఒక బిల్లు, మందు వయల్ (చిన్న సీసా) కలపడానికి వేరే బిల్లు. కొన్ని క్లినిక్‌లు వయల్ కలిపిన రోజే అందులోని డోసులన్నిటికీ బిల్లు వేస్తాయి. మీరు మధ్యలో మానేసినా ఆ డబ్బు తిరిగి రాకపోవచ్చు. అడగాల్సినవి: ఒక వయల్ ఎన్ని డోసులు, ఎన్ని నెలలు వస్తుంది? బిల్లు ఎప్పుడు వేస్తారు? ఇంజెక్షన్ కోసమే వచ్చినప్పుడు డాక్టర్ కన్సల్టేషన్ కో-పే ఉంటుందా, ఉండదా? ఈ చివరి ప్రశ్నకు జవాబు "ఉండదు" అయితే పైన వేసిన లెక్క చాలా తగ్గుతుంది.

నాలుక కింద పెట్టుకునే మాత్రలు కూడా ఉన్నాయి. మొదటి డోసు క్లినిక్‌లో, మిగతావి ఇంట్లో. ఇవి మందుల పద్దులోకి వస్తాయి, కాబట్టి కంపెనీ మందుల జాబితాలో ఉన్నాయో లేదో, ఏ శ్రేణిలో ఉన్నాయో చూడాలి. అదే మందు చుక్కల రూపంలో అయితే దానికి అనుమతి ఉందా లేదా అన్నది దేశాన్నిబట్టి మారుతుంది. అమెరికాలో 2014 నుంచి మాత్రలకు అనుమతి ఉంది, చుక్కలకు లేదు. అందుకే అక్కడి బీమాలు సాధారణంగా చుక్కలకు చెల్లించవు.

7. ఖరీదైన మందులు, అడ్రినలిన్ పెన్

తీవ్రమైన ఆస్తమాకు, దీర్ఘకాలం తగ్గని దద్దుర్లకు ఇచ్చే ఒమాలిజుమాబ్, డ్యూపిలుమాబ్ లాంటి బయోలాజిక్స్‌కు (జీవకణాల నుంచి తయారుచేసే ఇంజెక్షన్ మందులకు) ముందస్తు అనుమతి దాదాపు తప్పనిసరి. కంపెనీ చూసేవి: ముందు వాడిన మందులు, ఎంతకాలం వాడారు, ఏడాదిలో ఎన్నిసార్లు ఎమర్జెన్సీకి వెళ్లారు, రక్తంలో ఇయోసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) సంఖ్య. ఆస్తమాకు ఒమాలిజుమాబ్ డోసు మొత్తం ఐజీఈ స్థాయి, బరువు చూసి నిర్ణయిస్తారు కాబట్టి ఆ రిపోర్టు కూడా జతచేయాలి. పాత ప్రిస్క్రిప్షన్లు, డిశ్చార్జ్ కాగితాలు దాచిపెట్టుకున్నవారికి ఇక్కడ పని తేలికవుతుంది. అనుమతి కొద్ది నెలలకే ఇస్తారు. గడువు తేదీకి నెల ముందే పునరుద్ధరణ అడగమని క్లినిక్‌కు గుర్తుచేయండి.

తీవ్రమైన రియాక్షన్ ముప్పున్నవారు రెండు అడ్రినలిన్ పెన్‌లు (రియాక్షన్ వచ్చిన వెంటనే సొంతంగా వేసుకునే ఇంజెక్షన్లు) ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. ఒక్క డోసు చాలకపోవచ్చు. ఏడాదికి ఎన్ని పెన్‌లకు చెల్లిస్తారో, స్కూల్లో ఉంచడానికి అదనపు జత ఇస్తారో అడగండి. కొనేటప్పుడు పెట్టె మీద గడువు తేదీ చూసి, ఎక్కువ కాలం మిగిలున్నదే ఇమ్మనండి. ఈ ఖర్చు మాత్రం ఎక్కడా తగ్గించుకోవద్దు. మిగతావన్నీ వాయిదా వేయొచ్చు, ఇది వేయకూడదు.

8. క్లెయిమ్ తిరస్కరిస్తే

ముందు తిరస్కరణ లెటర్‌లో కారణం చూడండి. కోడ్ తప్పు, రిఫరల్ లేదు, సంఖ్య మించింది లాంటివైతే అప్పీల్ దాకా పోనక్కర్లేదు. క్లినిక్ సరిచేసి మళ్లీ పంపితే సరిపోతుంది. దానికి కూడా ఐటమ్‌వారీ బిల్లు అడిగి తీసుకోండి. చేసిన గుచ్చుల సంఖ్య, రిపోర్టులో ఉన్న సంఖ్య, బిల్లులో వేసిన సంఖ్య మూడూ ఒకటేనా చూడండి.

"వైద్యపరంగా అవసరం లేదు" అని రాస్తేనే అప్పీల్. అప్పుడు డాక్టర్‌తో లెటర్ రాయించండి. అందులో లక్షణాలు, అవి ఎన్నాళ్లుగా ఉన్నాయి, ఏ మందులు పనిచేయలేదు, ఈ పరీక్ష ఫలితం వల్ల చికిత్స ఎలా మారుతుంది అన్నవి ఉండాలి. చివరి అంశం చాలామంది రాయరు, బలమైనది అదే. కంపెనీ చెల్లించనన్నది పాలసీలోని ఏ నిబంధన ప్రకారమో చూపించమని మీరు విడిగా అడగండి. అప్పీల్‌కు గడువుంటుంది, అది లెటర్‌లోనే ఉంటుంది. లోపలి అప్పీల్‌లోనూ కాదంటే బయటి సమీక్షకో, బీమా అంబుడ్స్‌మన్‌కో (ఫిర్యాదులు విని తేల్చే అధికారికో) వెళ్లే దారి చాలా దేశాల్లో ఉంది. ఆ కేసు తేలేదాకా బిల్లును వసూళ్ల వాళ్లకు పంపొద్దని క్లినిక్‌కు రాతపూర్వకంగా చెప్పండి.

పాలసీ మారుతుంటే

ఇంజెక్షన్ల కోర్సు మధ్యలో కంపెనీ మారాల్సి వస్తే పాత క్లినిక్ నుంచి డోస్ చార్ట్, పరీక్ష రిపోర్టు, వయల్‌లో ఏమేం ఎంతెంత కలిపారో ఆ వివరాలు తీసుకోండి. ఇవి లేకపోతే కొత్త డాక్టర్ పరీక్ష మళ్లీ చేయించాల్సి రావచ్చు. ఇంజెక్షన్ల మధ్య విరామం ఎక్కువైతే డోసు తగ్గించాలి, ఒక్కోసారి మొదటినుంచీ ఎత్తుకోవాలి. పాత కంపెనీ ఇచ్చిన అనుమతి కొత్త కంపెనీ దగ్గర చెల్లదు కాబట్టి దరఖాస్తు పాలసీ మొదలైన రోజే పెట్టించండి, కొత్త అనుమతి చేతికొచ్చాకే తర్వాతి వయల్ కలపమని క్లినిక్‌కు చెప్పండి.